పోక్సో కేసులు ఎక్కడ వీగిపోతున్నాయి?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. చిన్నపిల్లల మీద అఘాయిత్యం చేసినవాడి తరఫున తిరుపతిలో ఏ వకీలూ వకాల్తా వేయకూడదట, వేసినవాడిని బార్ అసోసియేషన్ నుంచి వెలివేయాలట. దాని కిందే ఇంకొకరు, ఈ కోర్టులూ వాయిదాలూ ఎందుకు, జనానికి అప్పగిస్తే చాలన్నారు. ఇద్దరి కోపమూ నాకు కొత్త కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కోర్టుల్లో స్టెనోగ్రాఫరుగా పనిచేసి రిటైరైనదాన్ని. సాక్షి చెప్పేదాన్ని జడ్జిగారు వాంగ్మూలంగా చెబుతుంటే టైపు చేయడం నా ఉద్యోగం. పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరం కేసు, ఉన్న రోజు టిఫిన్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. అయినా చెబుతున్నాను, ఆ పాఠకుడి కోపం పడాల్సిన చోట పడలేదు. నేను చూసినంతలో ముద్దాయి వకీలు తెలివితేటల వల్ల పోయిన కేసులు తక్కువ. స్టేషన్లో మొదటి వారం రాసిన కాగితాల్లోనో, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన వాయిదాల్లోనో పోయినవే ఎక్కువ.

వకాల్తా సంగతి ముందు తేల్చేస్తాను. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది. కస్టడీలో ఉన్నవాడికి స్తోమత లేకపోతే 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ప్రభుత్వమే వకీలును ఇవ్వాలి. ఫలానా ముద్దాయి కేసు ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం చెల్లదని 2010లో సుప్రీంకోర్టు కోయంబత్తూరు నుంచి వెళ్లిన కేసులో గట్టిగానే చెప్పింది. ముంబయి దాడుల కసబ్‌కు కూడా కోర్టే వకీలును పెట్టింది, సుప్రీంకోర్టు దాకా.

ఇది ముద్దాయి మీద జాలితో చెప్పే మాట అనుకునేవాళ్లు మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు తెలుసుకోవాలి. 2013 జనవరి చివర్లో తొమ్మిదేళ్ల పాప మీద అత్యాచారం, హత్య. మార్చి మొదట్లోనే మరణశిక్ష పడిపోయింది. విచారణకు రెండు వారాలు కూడా పట్టలేదు. ఆహా, న్యాయమంటే ఇలా ఉండాలి అనిపిస్తుంది కదా. కానీ ముద్దాయికి న్యాయసేవల నుంచి ఇచ్చిన వకీలును ఏ రోజు నియమించారో ఆ రోజే అభియోగాలు చదివేశారు, కాగితాలు చూసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. 2019 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసి విచారణ మళ్లీ మొదటినుంచి చేయమంది. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న కేసుల్లో కోర్టు ఇచ్చే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలనీ, తయారవడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలనీ చెప్పింది. ఆరేళ్ల తర్వాత ఆ తల్లిదండ్రులు మళ్లీ బోనెక్కాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ముద్దాయికి సరైన వకీలు లేకుండా పడిన శిక్ష పైకోర్టులో నిలబడదు.

మన దగ్గర కూడా త్వరగా తేలిన కేసు ఉంది. 2019 నవంబరులో ఉమ్మడి జిల్లాలో పెళ్లికి వచ్చిన ఒక చిన్నారిని చంపిన కేసులో 2020 ఫిబ్రవరిలోనే చిత్తూరు పోక్సో కోర్టు మరణశిక్ష వేసింది. పోలీసులు గట్టిగా కదిలితే మూడు నాలుగు నెలల్లో కేసు తీర్పు దాకా రాగలదని అప్పుడు రుజువైంది. కానీ అలాంటి కేసు రాష్ట్రమంతా చూస్తున్న కేసు. ఎవరూ చూడనివాటి గతి వేరు, నేను చెప్పాలనుకున్నది వాటి గురించే.

ఒక కేసు చెబుతాను. ఏడాది చెప్పను, పేట చెప్పను. ఆ పాప వివరాలు ఎవరికీ చిక్కకూడదని చట్టం చెప్పింది కాబట్టి కొన్ని మార్చే చెబుతున్నాను. పాపకు తొమ్మిదేళ్లు ఉంటాయి. ముద్దాయి ఇంటి పక్క మనిషి, వరసకు బాబాయి. అమ్మకు చెప్పలేక కొన్నాళ్ల తర్వాత అవ్వకు చెప్పింది. కోర్టులో జడ్జిగారు పాపను బోనులో నిలబెట్టకుండా తన బల్ల పక్కనే కుర్చీ వేయించారు. చిన్నపిల్లలు సాక్ష్యం చెప్పే ముందు ప్రశ్న అర్థమవుతుందా, జవాబు సరిగ్గా ఇవ్వగలరా అని జడ్జి తెలుసుకోవాలి.

"ఏ క్లాసమ్మా?"

"నాలుగు, సార్."

"అబద్ధం చెబితే ఏమైతాది?"

"సామి కండ్లు పోగొడతాడు."

ఆ తర్వాత ప్రభుత్వం తరఫు వకీలు పీపీగారు మెల్లగా అడిగారు, ఇది ఎప్పుడు జరిగింది పాపా అని. "జాతరలో" అంది. జాతరలో ఎప్పుడు? "మా మామ దొర వేషం కట్టిన దినము. సాయంత్రం. అందురూ వేషం చూసేకి పోయినారు." తిరుపతి గంగమ్మ జాతరలో ఏ దినం ఏ వేషమో ఇక్కడ పుట్టిన పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. బైరాగి వేషం ఒక దినం, తోటి వేషం ఒక దినం, దొర, మాతంగి, ఇట్లా వరస. అంటే ఆ పాప తారీఖు చెప్పేసినట్టే. క్యాలెండరు తీసి వేలు పెట్టి చూపించొచ్చు.

కానీ ఫిర్యాదులో ఏముంది? వేరే నెల. ఫలానా నెల 14వ తేదీ సాయంత్రం 5 గంటలకు అని రాసి ఉంది. ఆ తారీఖు పాప చెప్పింది కాదు. తల్లిని "ఎప్పుడమ్మా?" అంటే ఆమె గుర్తుకు తెచ్చుకోలేక ఏదో చెప్పింది, స్టేషన్ రైటర్ రాసేశాడు, ఛార్జిషీటు దాకా అదే నడిచింది. ముద్దాయి వకీలు లేచి, 14వ తేదీన తన కక్షిదారు చెన్నైలో ఉన్నాడంటూ ఆసుపత్రి రసీదులు పెట్టాడు. నిజంగానే ఉన్నాడు. తారీఖే తప్పయితే మిగతాది ఎలా నమ్మాలి అన్నాడు. అనుమానం మిగిలితే అది ముద్దాయికే అనుకూలమని, సందేహ ప్రయోజనం కింద కేసు కొట్టేశారు. ఆ అవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని "జాతర అని చెప్పిందే సామీ, చెప్పిందే" అని ఎవరికో చెబుతూనే ఉంది.

ఆ వకీలును వెలివేస్తే ఏం ఒరుగుతుంది? తప్పు తారీఖు ఎత్తిచూపడం ఆయన పని. నిజంగా తప్పుడు కేసులో ఇరుక్కున్నవాడికి రేపు అదే రక్షణ. పోక్సో చట్టం 26వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, బిడ్డ ఏ మాట చెబితే ఆ మాటే రాయాలి, తల్లిదండ్రులో బిడ్డ నమ్మే మనిషో పక్కన ఉండాలి, వీలైతే వీడియో తీయాలి. 24వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. బిడ్డను స్టేషనుకు పిలిపించకుండా ఇంటి దగ్గరో, బిడ్డ ఇష్టపడిన చోటో అడగాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి అడగాలి. యూనిఫాం వేసుకోకూడదు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. దాన్ని అక్షరాలా పాటించి ఉంటే ఆ కాగితంలో 14వ తేదీ ఉండేదే కాదు, దొర వేషం ఉండేది. అభియోగంలో "ఆ దినం లేక ఆ దరిదాపుల్లో" అని రాయడం కోర్టులకు మామూలే. లేని తారీఖును సృష్టించడం వల్లే ప్రమాదం.

రెండోది, ఏం జరిగిందో వివరంగా రాయకపోవడం. మన వాళ్లకు సిగ్గు. తల్లి "చెడ్డపని చేసినాడు" అంటుంది, రాసేవాడు మర్యాదగా "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తాడు. చట్టంలో అలాంటి గోడ చాటు లేదు. పోక్సోలో ఒక్కో చర్యకు ఒక్కో సెక్షన్ ఉంది. లైంగిక ఉద్దేశంతో తాకితే 7వ సెక్షన్, మూడు నుంచి అయిదేళ్లు. శరీరంలోకి ఏ భాగం గానీ ఏ వస్తువు గానీ ఎంత మేరకైనా చొప్పిస్తే 3వ సెక్షన్, 2019 సవరణ తర్వాత కనీసం పదేళ్లు, బిడ్డకు పదహారు నిండకపోతే కనీసం ఇరవై. అదే పని పోలీసో, టీచరో, దగ్గరి బంధువో చేసినా, బిడ్డకు పన్నెండేళ్లు నిండకపోయినా తీవ్ర నేరం, కనీసం ఇరవై ఏళ్ల నుంచి మరణశిక్ష దాకా. మొదటి కాగితంలో రెండు మాటలు దాచి రాస్తే శిక్ష ఇరవై ఏళ్ల నుంచి మూడేళ్లకు జారిపోతుంది. తర్వాత బోనులో పాప అసలు విషయం చెబితే, "ఇది పోలీసులకు అప్పుడెందుకు చెప్పలేదు, ఇప్పుడు ఎవరు నేర్పించారు?" అని క్రాస్‌లో, అంటే ముద్దాయి వకీలు వేసే ప్రశ్నల్లో, అడుగుతారు. అడుగుతారు మరి.

ఈ నిర్వచనాలు ఊరికే వచ్చినవి కావు. 2012 దాకా మన శిక్షాస్మృతిలో అత్యాచారం అంటే ఒకే ఒక చర్య. మిగతావి ఎక్కువగా "మర్యాదకు భంగం" కింద పోయేవి. ఆ అర్థాన్ని విస్తరించమని వేసిన కేసును సుప్రీంకోర్టు 2004లో ఒప్పుకోలేదు. కానీ అదే తీర్పులో బాధితురాలికి ముద్దాయి కనబడకుండా తెర కట్టమనీ, క్రాస్ ప్రశ్నలు రాసి జడ్జికి ఇస్తే జడ్జే అడగాలనీ చెప్పింది. ఢిల్లీ బస్సు ఘటన తర్వాత 2013 సవరణతో పెద్దవాళ్ల విషయంలో కూడా నిర్వచనం మారింది. ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లో అదే ఉంది. ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని అందులోనే రాశారు. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి బట్టల మీదుగా తాకితే 7వ సెక్షన్ కిందికి రాదని తీర్పిచ్చినప్పుడు మా ఆఫీసులో టైపిస్టు దగ్గర్నుంచి అటెండరు దాకా నోరెళ్లబెట్టారు. ఆ ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కావలసింది ఉద్దేశం, చర్మానికి చర్మం తగలడం అవసరం లేదంది.

ఒక లోటు కూడా చెప్పాలి. పోక్సోలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఒకే రక్షణ. కొత్త సంహితలో పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్, అంటే ప్రకృతి విరుద్ధ లైంగిక చర్యల సెక్షన్, తీసేశారు, దాని బదులు ఏమీ పెట్టలేదు. పద్దెనిమిది దాటిన మగవాడి మీద ఇలాంటి దారుణం జరిగితే ఇప్పుడు ఏ సెక్షన్ రాయాలో వెతుక్కోవాల్సిందే. దీని గురించి రాసిన పత్రిక నాకు కనబడలేదు.

మూడోది ఆసుపత్రి. విషయం తెలియగానే తల్లి మొదట చేసే పని బిడ్డకు తలస్నానం చేయించి బట్టలు ఉతికేయడం. ఏ తల్లయినా అదే చేస్తుంది, తప్పు పట్టను. అలా చేయకముందే ఎవరైనా చెప్పగలిగితే మంచిది. ఆ బట్టలు ఉతక్కుండా నీడన ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పాడవుతాయి. ఎఫ్ఐఆర్ లేకుండా చూడమంటే కుదరదని ఆసుపత్రిలో తిప్పిపంపితే అది నేరం. ప్రభుత్వమైనా ప్రైవేటయినా చికిత్స వెంటనే, ఉచితంగా చేయాలి, చేయకపోతే ఏడాది దాకా జైలు. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన కొత్త సురక్షా సంహిత ప్రకారం పరీక్ష రిపోర్టు ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో డాక్టర్ల సర్టిఫికెట్లలో రెండు వేళ్ల పరీక్ష అని ఒకటి ఉండేది. దాన్నిబట్టి ఆ అమ్మాయి "అలవాటు పడింది" అని రాసేవాళ్లు. డాక్టరు బోనులో చదువుతుంటే నేను టైపు చేసేదాన్ని, ఆ అమ్మాయి తండ్రి కోర్టు హాల్లో తల దించుకుని నిలబడేవాడు. 2013లో సుప్రీంకోర్టు అది ఆత్మగౌరవానికి భంగమంది. అయినా ఆగలేదు. 2022 అక్టోబరు 31న, ఆ పరీక్ష చేసినవాళ్లను దుష్ప్రవర్తన కింద బాధ్యులను చేస్తామంది. బాధితురాలి గత సంబంధాల గురించి సమ్మతి విషయంలో ప్రశ్న వేయడానికి కూడా సాక్ష్య చట్టం ఇప్పుడు ఒప్పుకోదు. గాయాలు లేవన్నంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు. నమ్మదగినదైతే బాధితురాలి సాక్ష్యం ఒక్కటే చాలునని 1996లోనే తీర్పు ఉంది.

ఇక అసలు జబ్బు వాయిదాలు. చట్టం ప్రకారం రెండు నెలల్లో దర్యాప్తు పూర్తి కావాలి. కోర్టు కేసు తీసుకున్న ముప్పై రోజుల్లోపు బిడ్డ సాక్ష్యం, వీలైనంత వరకు ఏడాదిలోపు తీర్పు. ఇవన్నీ పోక్సో 35వ సెక్షన్లోనూ సురక్షా సంహితలోనూ అచ్చయి ఉన్నాయి. కానీ జరిగేది వేరు. ల్యాబ్ రిపోర్టు రాలేదు, పీపీ సెలవు, డాక్టరు బదిలీ, ముద్దాయి గైర్హాజరు, జడ్జి పోస్టు ఖాళీ. ఇలా నాలుగో తరగతి పాప ఏడో తరగతికి వస్తుంది. ఈలోపు కోర్టు ఆవరణలో చెట్టు కింద పంచాయతీ మొదలవుతుంది. ముద్దాయి బావమరిది, ఊరి పెద్దమనుషులు ఇద్దరు, పాప మేనమామ. టీ గ్లాసులు తిరుగుతుంటాయి. "ఆడబిడ్డ, రేపు పెండ్లి కావల్ల. ఊరంతా తెలిసిపోతే ఎవురు చేసుకుంటారు?" అంటారు. కొంత డబ్బు మాట, లేదంటే ఎప్పటినుంచో తగాదాలో ఉన్న గట్టు మాట. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటుంటుంది.

పేరు పిలుస్తారు. తల్లి వచ్చి నిలబడి, "నాకేమీ తెల్దు సార్. పోలీసోళ్లు సంతకం పెట్టమంటే పెట్టినా" అంటుంది. పీపీగారు సాక్షి ఎదురు తిరిగింది, ప్రశ్నలు వేయడానికి అనుమతివ్వండి అంటారు. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటు చదివి వినిపిస్తే అలా చెప్పలేదంటుంది. ఆ తర్వాత జడ్జిగారు ముద్దాయి వకీలు వైపు చూస్తారు. ఆయన లేచి నిలబడి, "క్రాస్ లేదు" అని కూర్చుంటారు. నేను వాంగ్మూలం కింద "క్రాస్ నిల్" అని కొట్టేదాన్ని. ఆదివారం ఉత్తరం రాసిన పాఠకుడు గమనించాలి, నేను టైపు చేసిన కొట్టివేతల్లో చాలావాటిలో ముద్దాయి వకీలు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయనకు అడగాల్సిన పని పడలేదు.

ఈ నేరాలకు చట్టంలో రాజీ లేదు. ఒక టీచరు మీద కేసును, పాప తండ్రితో రాజీ అయిందని రాజస్థాన్ హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. పిల్లల మీద ఇలాంటి నేరం ఇద్దరి మధ్య సొంత గొడవ కాదంది. కాగితం మీద రాజీ కుదరదు కాబట్టి నోటితో మాట మార్చి కుదుర్చుకుంటున్నారు. జడ్జి ముందు బోనులో ఎవరూ మాట్లాడకపోతే 29వ సెక్షన్ కూడా పనికిరాదు. చాలామంది ఆ సెక్షన్‌తో పోక్సోలో ముద్దాయే తన నిర్దోషిత్వం రుజువు చేసుకోవాలనుకుంటారు. బిడ్డ వయసు, జరిగిన పని, చేసిన మనిషి, ఈ పునాది ముందు ప్రాసిక్యూషనే వేయాలి. ఆ తర్వాతే భారం ముద్దాయి మీదికి పోతుంది.

తల్లి ఎందుకు మాట మార్చింది? ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి. వాయిదాకు వస్తే ఆ దినం కూలి పోతుంది. పోక్సో నిబంధనలు 2020లో వచ్చినవి చూడండి. ఎఫ్ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం ఇవ్వమని ప్రత్యేక కోర్టు ఉత్తర్వు ఇవ్వొచ్చు, ముద్దాయికి శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. తిండికీ బట్టలకూ రానూపోనూ ఛార్జీలకూ తక్షణ సాయం ఇప్పించే వీలు వేరే ఉంది. కేసు మొదలైనప్పటి నుంచి తీర్పు దాకా బిడ్డ వెంట ఉండే సపోర్ట్ పర్సన్‌ను శిశు సంక్షేమ కమిటీ ఇవ్వాలి. 2018 నాటి జాతీయ న్యాయసేవల పథకంలో అత్యాచారానికి పరిహారం 4 లక్షల నుంచి 7 లక్షలు. పిల్లల కేసుల్లో కూడా దాన్నే దారిచూపుగా తీసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ డబ్బు అడగాలని చెప్పేవాళ్లు లేరు, దరఖాస్తు పెట్టేవాళ్లు లేరు. చెట్టు కింద బావమరిది మాత్రం తయారుగా ఉంటాడు.

వకీలు గట్టిగా పోరాడిన కేసు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఒకవైపే చెప్పినట్టవుతుంది. ముద్దాయి డబ్బున్నవాడు, పెద్ద వకీలును పెట్టాడు. పాపకు పదకొండేళ్లు. ఎఫ్ఐఆర్‌లో పాప మాటలు పాప మాటల్లాగే ఉన్నాయి. రాసింది ఒక మహిళా ఎస్సై, ఇంటికి పోయి చాప మీద కూర్చుని రాసుకుందట. మేజిస్ట్రేటు ముందు స్టేట్‌మెంటు కూడా ఆలస్యం లేకుండా అయింది. పోక్సోలో వకీలు బిడ్డను నేరుగా అడగకూడదు, జడ్జి ద్వారా అడగాలి. 33వ సెక్షన్ అది. ఆయన ప్రశ్నలు కాగితం మీద రాసి పంపుతున్నాడు, జడ్జిగారు వాటిని చిన్న మాటల్లోకి మార్చి అడుగుతున్నారు. రెండు మూడు ప్రశ్నలు వేధింపుగా ఉన్నాయని పక్కన పెట్టారు. మధ్యలో పాప నీళ్లు కావాలంటే ఆపారు. ఆయన వదల్లేదు. ఫిర్యాదు ఆలస్యం ఎందుకైంది, మీ నాయనకూ ఆయనకూ అప్పు తగాదా ఉందా, లైటు వెలుగుతోందా. పాప తెలిసినవి తెలుసనీ తెలియనివి తెలియవనీ చెప్పింది. శిక్ష పడింది. హైకోర్టుకు పోయినా నిలబడింది. అడగాల్సినవన్నీ కింది కోర్టులోనే అడిగేశారు కాబట్టి పైన వేలు పెట్టడానికి సందు దొరకలేదు.

కోర్టు సమయం తినేసే ఇంకో రకం కేసులున్నాయి. తిరుపతిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పారిపోయి పెళ్లి చేసుకోవాలనుకునే జంటలకు ముందు గుర్తొచ్చేది మన ఊరే. అమ్మాయికి పదిహేడు, అబ్బాయికి పంతొమ్మిది. తండ్రి ఫిర్యాదు ఇస్తాడు. పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టం చట్టం ముందు లెక్కలోకి రాదు. కేసంతా వయసు మీద నడుస్తుంది, స్కూలు రికార్డా, జనన ధ్రువపత్రమా, ఎముకల పరీక్షా అని. అమ్మాయి చంకలో బిడ్డతో వచ్చి "మా ఆయన్ని వదిలేయండి" అని ఏడుస్తుంటుంది. పదహారు, పద్దెనిమిది మధ్య వయసు కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి విచక్షణ ఇవ్వాలనీ, సమ్మతి వయసు మాత్రం తగ్గించవద్దనీ లా కమిషన్ 2023లో సిఫారసు చేసింది. నాకు అది సబబుగానే తోచింది. బాబాయి వరస వాడు పాడు చేసిన తొమ్మిదేళ్ల పాప కేసూ, ఈ కేసూ ఒకే గంటలో ఒకే సెక్షన్ల కింద పిలిస్తే జడ్జి మనసు ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను.

చివరగా మీ పత్రికతో పని. పోయిన నెల మీ జిల్లా పేజీలో ఒక పోక్సో వార్త వచ్చింది. పాప పేరు రాయలేదు, సంతోషం. కానీ మండలం, కాలనీ, ఏ తరగతి చదువుతోంది, తండ్రి ఏ సెంటరులో బండి పెట్టుకున్నాడు, అన్నీ రాశారు. ఆ కాలనీలో అలాంటి ఇల్లు ఇంకోటి ఉంటుందా? పోక్సో 23వ సెక్షన్ కింద చిరునామా, బడి, కుటుంబం, ఇరుగుపొరుగు, గుర్తు తెలిసే ఏ వివరమూ రాయకూడదు. రాస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష. ప్రచురణకర్తకూ అందులో బాధ్యత ఉంది. 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, చనిపోయిన బాధితురాలికి కూడా ఇది వర్తిస్తుందంది. అలాగే ఒక కేసు కొట్టేసినప్పుడు మీరు "తప్పుడు కేసు కొట్టివేత" అని శీర్షిక పెట్టారు. సందేహ ప్రయోజనం ఇచ్చారంటే తప్పుడు కేసని జడ్జి తేల్చినట్టు కాదు. కావాలని తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకు శిక్ష వేయడానికి 22వ సెక్షన్ వేరే ఉంది, అందులోనూ బిడ్డకు శిక్ష లేదు. ముద్దాయిని కూడా తీర్పు రాకముందే "కామాంధుడు" అని రాయకండి. వాడు వదిలేయమని పెట్టే అర్జీకి మీ కటింగే జత చేస్తారు.

మీ విలేకరులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. అరెస్టు రోజు ఫొటో వేసి వదిలేయకుండా, రెండు నెలలకు ఛార్జిషీటు పడిందా, బిడ్డ సాక్ష్యం ముప్పై రోజుల్లో అయిందా, సపోర్ట్ పర్సన్‌ను ఇచ్చారా, మధ్యంతర పరిహారం ఎందరికి అందింది, ఎందరు సాక్షులు ఎదురు తిరిగారు అని జిల్లా న్యాయసేవాధికార సంస్థనూ పోలీసు ఆఫీసునూ అడగండి. విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది, లోపలికి ఎవర్నీ రానివ్వరు. ఈ అంకెలకు మాత్రం తలుపులు లేవు, సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. పాతికేళ్ల మనిషి చిన్నప్పుడు తనకు జరిగింది ఇప్పుడు చెప్పినా ఇంత పెద్ద నేరాలకు కాలదోషం లేదన్న సంగతి కూడా ఒకసారి పెద్ద అక్షరాలతో వేయండి.

పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. మీ జిల్లా ఎడిషన్లో రాశిఫలాల పక్కన రోజూ రెండంగుళాలు ఖాళీగానే ఉంటోంది, ఈ రెండు నంబర్లు అక్కడ పడతాయి.

ఇట్లు
విశ్రాంత కోర్టు స్టెనోగ్రాఫరు
కొర్లగుంట, తిరుపతి
(పేరు ప్రచురించవద్దని మనవి)